తితిలియా పంపిన నాలుగు కట్టలు

ఎమోసీ కుర్చీ పక్కన గోడ మీద పదిహేడు కాగితాలు ఉండేవి. మా దీవుల రాజధాని సువాలో, బస్టాండు వెనక, మేడ మీద మూడు గదుల ఆఫీసు అది. ఆ గోడ చదివి నవ్వకుండా బయటపడ్డ మనిషి లేడు. నవ్వించే సరుకే మరి! ఒక కాగితం మీద "పని చేయట్లేదు" అని ఉండేది, అంతే. ఏది పని చేయట్లేదో, రాసినవాళ్ళెవరో, ఏ దీవి నుంచో మనమే ఊహించుకోవాలి. ఇంకో దాని మీద "నిన్నటిలాగే మళ్ళీ అయింది" అని ఉండేది. నిన్న ఏమైందో నిన్న రాసి ఏడిస్తే కదా! ఒకాయన కంప్యూటరు తెరను ఫొటో తీసి పంపాడు, తప్పేమిటో చెప్పే అంకె మీద సరిగ్గా తన బొటనవేలు పెట్టి. ఒకావిడ రాసింది: "మా మేనల్లుడు ఏదో నొక్కాడు. వాడికి రెండు తగిలించాను. అయినా బాగుపడలేదు."

ఎమోసీ చెడ్డవాడు కాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే చివరికొచ్చేసరికి మీలో కొందరికి అతని చొక్కా పట్టుకుని నిలదీయాలనిపిస్తుంది. నాకూ అనిపించింది.

రైవంగా పేటలో పుట్టాడు. తండ్రి సిటీ బస్సు డ్రైవరు. తల్లి లుసియానా లౌ దీవుల నుంచి పెళ్ళి చేసుకుని సువాకు వచ్చిన మనిషి. పదేళ్ళప్పుడే ఎమోసీ చెడిపోయిన రేడియోను విప్పి, దేనికది నేల మీద వరసగా పేర్చి, మళ్ళీ బిగించి పాడించేవాడు. తండ్రి బస్సు ఆగిపోయిన రోజు మాత్రం ఆయన ప్రాణం తీసేవాడు. "ఆగిపోయిందంటే సరిపోతుందా నాన్నా? ఆగే ముందు ఏం చప్పుడైంది? ఎత్తు మీద ఆగిందా, పల్లంలోనా?" తండ్రి బూట్లు విప్పుకుంటూ, "ఆగింది, అంతేరా. మిగతాది దేవుణ్ణడుగు, పో" అనేవాడు. పెద్దయ్యాక ఎమోసీకి జీవితమంతా ఆ "ఆగింది, అంతే"లతోనే సరిపోయింది. అతని పని కంప్యూటరు ప్రోగ్రాములు రాయడం. అవి చెడితే జనం చెప్పే కబుర్లు విని దిద్దడం.

అతనూ, రోనిల్ అనే స్నేహితుడూ కలిసి ఆ ఆఫీసు నడిపేవారు. ఇంకో ముగ్గురు పనిచేసేవారు. దీవుల ఆరోగ్యం చూసే ఒక ట్రస్టు అడిగితే ఎమోసీ "సూదుల పట్టిక" అనే ప్రోగ్రాము రాశాడు. మా పిల్లలకు గొంతునొప్పితో మొదలై గుండెను పట్టే జ్వరం ఒకటుంది. ఒకసారి గుండెకు తగిలిందా, ఇక నాలుగు వారాలకోసారి సూది వేయించుకోవాల్సిందే, ఏళ్ళ తరబడి. తప్పితే అది మళ్ళీ వస్తుంది, ఈసారి ముందుకన్నా గట్టిగా. నర్సు పొద్దున్నే ఆ పట్టిక తెరిస్తే, ఈ వారం సూది ఎవరెవరికో పేర్లు కనబడతాయి. మంచి పని, కాదనను. ట్రస్టువాళ్ళు ఎంత మురిసిపోయారంటే, దీవుల్లో నర్సులు అంతకుముందు రాసుకునే ఎర్ర అట్ట పుస్తకాలన్నీ ఏరి పట్టుకుపోయారు.

పట్టిక మొదలైన మూడో నెలలో సువా పక్కనున్న ఒక క్లినిక్కు నుంచి ఉత్తరం వచ్చింది. "ఊరొదిలి వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు పట్టికలో పేరుకుపోతున్నాయి. ఇవాళ్టికి నలభై మూడు. ఏ పేజీలో ఏం కనబడుతోందో ఫొటోలు జతచేశాను." ఎమోసీ ఆ ఉత్తరాన్ని రోనిల్‌కి చూపించి, "చూడరా, ఇలా రాయాలి! ఈవిడ కాళ్ళకి దణ్ణం పెట్టొచ్చు" అన్నాడు. ఒక్క పూటలో దిద్దేశాడు కూడా. సూది రోజు దాటి పది రోజులైనా సూది పడకపోతే ఆ పేరు పట్టికలోంచి దానంతటదే తప్పుకుంటుంది. ప్రోగ్రాములో చేర్చింది ఒక్క వాక్యం. సువాలో అది సరైన మాటే, పది రోజులు కనబడని మనిషి ఊళ్ళో లేనట్టే లెక్క. ఓడ వస్తే తప్ప మందు ఉండని దీవులు ఉన్నాయనీ, ఆ ఓడ రెండు వారాలు ఆలస్యంగా వచ్చినా ఎవరూ అడగరనీ ఆ పూట అతనికి తట్టలేదు. కన్నతల్లిది అలాంటి దీవే, అయినా తట్టలేదు.

ఆ ఏడు ఏప్రిల్‌లో సవులోవా దీవి నుంచి మొదటి ఉత్తరం వచ్చింది. రాసింది తితిలియా. యాభై ఆరేళ్ళ మనిషి, ముప్ఫై ఏళ్ళుగా ఆ దీవికి ఆవిడే నర్సు. మూడు ఊళ్ళు, ఇరవై ముగ్గురు సూది పిల్లలు. ఉత్తరం ఇలా ఉంది:

"ఎమోసీ గారికి, మీకూ మీ ఇంటిల్లిపాదికీ దేవుడి దీవెన. ఇక్కడ అందరం కులాసా. కంప్యూటరు కూడా కులాసాగానే ఉంది. పెద్దదాన్నయ్యాను, నేనే ఏదో పొరపాటు చేసి ఉంటాను, మన్నించండి. తీరిక దొరికితే ఒకసారి పట్టిక వైపు చూడండి. ఓడలో చిన్న కట్ట పంపుతున్నాను."

కట్ట వచ్చింది. ఎండబెట్టిన యాంగోనా మొక్క వేళ్ళు, మా దీవుల్లో దంచి మత్తుపానీయంగా తాగేవి, చేతి మణికట్టంత లావువి, మొగలి నారతో పొందిగ్గా కట్టి ఉన్నాయి. సువా బజారులో అలాంటి సరుకు దొరకదు. శుక్రవారం సాయంత్రం పని ముగిశాక వేళ్ళు దంచి, నీళ్ళలో పిసికి, గిన్నె చుట్టూ చాపల మీద కూర్చున్నారు. కొబ్బరిచిప్ప ఒకరి తర్వాత ఒకరికి అందుతోంది, చప్పట్లు పడుతున్నాయి. రోనిల్ ఆ ఉత్తరం పైకి చదివాడు.

"ఒరేయ్, ఇదెక్కడి కస్టమరురా! తప్పు తనదేనంటుంది, మన్నించమంటుంది, పైగా తాగడానికి పంపిస్తుంది. ఇలాంటివాళ్ళు ఇంకో పదిమంది ఉంటే మనకిక పెళ్ళాలతో పనేముందిరా!"

"పట్టిక వైపు చూడమంటుంది. చూశాను. పట్టిక నా వైపు చూసింది. ఇంకేం చెయ్యను?" అన్నాడు ఎమోసీ. అందరూ పడీ పడీ నవ్వారు. మర్నాడు అతను జవాబు రాశాడు: "ఏం కనబడిందో వివరంగా రాయండి నర్సమ్మా. కట్టకు వందనాలు, వేళ్ళు అద్భుతం." వివరాలేమీ రాలేదు. ఫిర్యాదు మూసేశాడు.

రెండో కట్ట అక్టోబరులో వచ్చింది. ఆ రోజు ఎమోసీ దాన్ని ఇంటికి పట్టుకొచ్చాడు. తల్లి లుసియానా వంటింట్లో కొబ్బరిపాలలో చేమాకు ఉడికిస్తోంది. కట్ట చూడగానే గరిట పక్కన పెట్టింది.

"ఎవరు పంపారురా ఇది?"

"సవులోవా నర్సు. ప్రేమ ఎక్కువైంది ఆవిడకి నా మీద."

"ప్రేమకి ఇంత లావు వేళ్ళు ఎవరూ పంపర్రా. ఏదో పని మీద పంపింది. ఏం పనో అడిగావా?"

"ఏమీ లేదుటమ్మా. అంతా కులాసా, తప్పు నాదే అని రాసింది."

లుసియానా చేతులు తుడుచుకుని కొడుకు ఎదురుగా వచ్చి నిలబడింది. "నీకు ఎన్నిసార్లు చెప్పి పెంచాను? మావైపు ఎదుటివాడి తప్పు మొహం మీద అనరు. తప్పు తమదేనని కట్ట ముందు పెడతారు. ఆపైన అడగాల్సింది నువ్వు. అడగకుండా కట్ట తీసుకున్నావా, ఆ పని నెత్తిన వేసుకున్నట్టే. ఇప్పటికే ఒకటి తాగేశారా?"

"అమ్మా, అది ఊరు. ఇది ఆఫీసు. తప్పేమిటో రాయకపోతే ఎలా దిద్దుతాను? కలలోకొచ్చి చెబుతుందా?"

"ఫోను చెయ్యి."

"చేస్తాలే."

చేయలేదు. సవులోవాలో ఫోను అందాలంటే నర్సు చర్చి వెనక కొండెక్కాలి. ఎప్పుడు ఎక్కుతుందో కనుక్కుని చేయాలి. ఆ వారం పని చేతినిండా ఉంది. ఇవన్నీ నిజాలే. ఆ తర్వాత వారం పని లేదు, అదీ నిజమే.

ఆ పై ఏడు మార్చిలో మూడో కట్టతో మళ్ళీ అదే ఉత్తరం. అప్పటికి ఎమోసీ జనం రాతలతో విసిగిపోయి ఒక ఫామ్ తయారుచేశాడు, పన్నెండు ప్రశ్నలతో. ఎవరు ఫిర్యాదు చేసినా ముందు అది నింపాలి. మీరు ఏం చేశారు, ఏం జరగాలని ఆశించారు, దానికి బదులు ఏం జరిగింది, ఇలా. తితిలియాకూ ఒకటి పంపాడు. మూడు వారాలకు నింపి పంపింది. గుండ్రటి చేతిరాత, కాగితాన్ని ఫొటో తీసింది. మొదటి ప్రశ్నకు "మన్నించండి" అని రాసింది. రెండోదానికీ అదే. "ఏం జరగాలని ఆశించారు?" అన్నది మూడో ప్రశ్న. అక్కడ మాత్రం ఇలా రాసింది: "పిల్లలందరూ ఆదివారం చర్చిలో కనబడాలని." నాలుగో ప్రశ్న, "దానికి బదులు ఏం జరిగింది?" అన్న చోట ఖాళీ వదిలేసింది.

ఆ శుక్రవారం రోనిల్ దాన్ని చేత్తో పట్టుకుని పాస్టరుగారి గొంతుతో చదువుతుంటే ఆఫీసంతా పొర్లి పొర్లి నవ్వింది. తాగుతున్నది ఆవిడ పంపిన వేళ్ళ రసమే. ఎమోసీ ఆ కాగితాన్ని గోడకు అంటించాడు. అది పద్దెనిమిదోది. గోడ మధ్యలో, అందరికీ కనబడే చోట.

ఆ మధ్యే రోనిల్ ఇంకో ఏర్పాటు చేశాడు. ఫిర్యాదులకు జవాబే రావడం లేదని ట్రస్టు సణుగుతుంటే, ఫిర్యాదు మూసిన వెంటనే అవతలివాళ్ళకు దానంతటదే ఒక కబురు వెళ్ళేలా పెట్టాడు: "మీ సమస్య పరిష్కారమైంది. వందనాలు." దిద్ది మూసినా, విసిగి మూసినా, ఏమీ అర్థం కాక మూసినా అదే కబురు. జూలైలో నాలుగో కట్ట వచ్చింది. ఉత్తరం రెండు వాక్యాలే. "మన్నించండి. మీ మీదే ఆశ పెట్టుకున్నాను." ఎమోసీ ఆ రెండు వాక్యాలూ చదివి, నిట్టూర్చి, ఫిర్యాదు మూసేశాడు. కబురు వెళ్ళింది. ఆ తర్వాత సవులోవా నుంచి కట్టలు రావడం ఆగిపోయింది. ఎమోసీ అది గమనించనైనా లేదు.

మరుసటి ఏడు ఫిబ్రవరి చివర్లో ట్రస్టు నుంచి ఒక కాగితం వచ్చింది. సవులోవాలో సులువేతి అనే పదకొండేళ్ళ పాప, సూదులు మూడు తప్పి, జ్వరం తిరగబెట్టి, సువా ఆసుపత్రికి తెస్తుండగా ఓడలోనే చనిపోయింది. విచారణ ముగిసింది. అజాగ్రత్త తనదేనని నర్సు తితిలియా రాసిచ్చింది. ఏప్రిల్ నుంచి ఆవిడను పనిలోంచి తీసేస్తున్నారు. దస్త్రంలో పెట్టుకోవడానికి, పాప పేరు పట్టికలో ఏ తేదీల్లో కనబడిందో పంపగలరు.

ఎమోసీ పాత తేదీలు తెరిచాడు. సులువేతి పేరు అక్టోబరు దాకా నెలనెలా ఉంది. నవంబరులో సూది రోజు దాటింది, మందు లేదు, ఓడ పదిహేను రోజులు ఆలస్యం. పదకొండో రోజు పొద్దున పేరు లేదు. డిసెంబరులో లేదు. జనవరిలో లేదు. ఆమెతోపాటు ఇంకో ఎనిమిది మంది పేర్లూ లేవు. వెనక్కి జరుపుకుంటూ పోయాడు. అలా పేర్లు రాలిపోవడం కొత్త కాదు. అంతకుముందు జూలైలో నాలుగు, మార్చిలో ఆరు, ఆ ముందటేడు అక్టోబరులో ఐదు, ఏప్రిల్‌లో మూడు. ఏప్రిల్, అక్టోబరు, మార్చి, జూలై. ఆ నెలలు అతనికి బాగా తెలుసు. అవి కట్టలు వచ్చిన నెలలు.

లేచి గోడ దగ్గరికి వెళ్ళాడు. "పిల్లలందరూ ఆదివారం చర్చిలో కనబడాలని." ఆ అక్షరాలు చదువుతూ ఎంతసేపు నిలబడ్డాడో తెలియదు. రోనిల్ వచ్చి భుజం మీద చెయ్యేస్తే ఉలిక్కిపడ్డాడు.

జరిగిందంతా రోనిల్ విన్నాడు. తలుపు వేసొచ్చి గొంతు తగ్గించాడు. "ఎమోసీ, ఒక్కమాట విను. పాప తిరిగి రాదు. నర్సే తప్పు తనదని రాసిచ్చేసింది. మనం నోరు తెరిస్తే ఈ ఆఫీసు ఉండదురా. ముగ్గురి కొలువులు పోతాయి. దిద్దెయ్, ఊరుకో."

"ఆవిడ ఎప్పుడూ అదే రాస్తుంది రా! చీమ కుట్టినా తప్పు నాదేనని రాస్తుంది. అది చూసే కదా రెండేళ్ళు నవ్వాం!"

ఎమోసీ ఆ వాక్యాన్ని తీసేశాడు. పావుగంట పట్టింది. రెండేళ్ళు ఆగిన పని, పావుగంట! మిగిలిన ఎనిమిది మంది పిల్లల పేర్లు ట్రస్టుకు చదివి వినిపించి, ఆ వారమే మందు వెళ్ళేలా చూశాడు. తర్వాత తన ఫామే ఒకటి తీసుకుని నింపడం మొదలుపెట్టాడు. మీరు ఏం చేశారు? ఓడ ఆలస్యమైతే పిల్లల పేర్లు పోయేలా ఒక వాక్యం రాశాను. ఏం జరగాలని ఆశించారు? పట్టిక శుభ్రంగా ఉండాలని. దానికి బదులు ఏం జరిగింది? ఆ ఖాళీలో "సులువేతి పోయింది, నర్సు తప్పు ఏమీ లేదు" అని రాసి, పాత తేదీలన్నీ జతచేసి ట్రస్టుకు పంపేశాడు. సాయంత్రం వెళ్ళేముందు గోడ మీద పద్దెనిమిది కాగితాలూ పీకేశాడు.

ఇంటికెళ్ళి తల్లికి చెప్పాడు. లుసియానా తిట్టలేదు. తిడితే బాగుండునని కూర్చున్నాడు, తిట్టలేదు. లోపలికి వెళ్ళి పెట్టె అడుగు నుంచి గుడ్డలో చుట్టిన తిమింగలం పన్ను తీసుకొచ్చింది. దీవుల్లో అంతకు మించిన కానుక లేదు; తన పెళ్ళినాడు మగపెళ్ళివాళ్ళు పుట్టింటికి ఇచ్చినది. తన అన్న చనిపోతూ మళ్ళీ తన చేతికే ఇచ్చాడు.

"ప్రాణం పోయిన చోటికి వేళ్ళ కట్ట చాలదు. ఇది పట్టుకెళ్ళు. ముందు పిల్ల ఇంటి పెద్ద దగ్గర పెట్టు. నర్సు కూడా అక్కడ ఉండేట్టు చూడు."

"ఏం మాట్లాడాలో నాకు రాదమ్మా. ఆ మాటలు రావు."

"వచ్చిన మాటలే మాట్లాడు. వంకలు మాత్రం చెప్పకు."

ఓడ రెండు రోజులు నడిచి శనివారం పొద్దున సవులోవా చేరింది. సులువేతి తాత పేరు వెరెనికి. తల్లీ తండ్రీ చిన్నప్పుడే విడిపోతే ఆ పిల్లను ఆయనే పెంచాడు. ఇంట్లో చాపల మీద పెద్దవాళ్ళు ఆరేడుగురు కూర్చున్నారు. తలుపు దగ్గర, అందరికన్నా కింద, నెరిసిన జుట్టుతో ఒక లావుపాటి ఆవిడ తల వంచుకుని కూర్చుంది. ఆవిడే తితిలియా అని ఎవరూ చెప్పకుండానే ఎమోసీకి తెలిసిపోయింది. ఆవిడను చూడడం అదే మొదటిసారి.

అతను మోకాళ్ళ మీద ముందుకు జరిగి, పన్నును రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "తాతా, పట్టిక రాసింది నేను. ఓడ ఆలస్యమైతే పేరు పోయేలా నేనే రాశాను. నర్సమ్మ నాకు రెండేళ్ళలో నాలుగుసార్లు కబురు పెట్టింది. నేను వినలేదు. నవ్వాను. నర్సమ్మ తప్పు రవ్వంత కూడా లేదు. మీ పిల్లను..." ఆ వాక్యం పూర్తి కాలేదు.

తలుపు దగ్గర నుంచి తితిలియా గబగబా అందుకుంది. "అయ్యో, కాదు, కాదు. అబ్బాయి చిన్నవాడు, వాడికేం తెలుసు! నేనే చూసుకోవాల్సింది, నేనే..."

"నోరు మూసుకో తితిలియా," అన్నాడు వెరెనికి. కోపంగా కాదు. "ముప్ఫై ఏళ్ళుగా ఈ దీవిలో అందరి తప్పులూ నువ్వే మోస్తున్నావు. ఈ ఒక్కటీ అబ్బాయిని మోయనీ."

ముసలాయన పన్ను అందుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూసి, ముక్కుకు తాకించుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. "సముద్రం దాటి వచ్చి, ఉన్నది ఉన్నట్టు చెప్పావు. అందుకున్నాం. ఈ తప్పు మాట ఇక ఈ దీవిలో ఎవరి నోటా రాదు." అందరూ అరచేతులు దోసిలిలా వంచి నెమ్మదిగా మూడుసార్లు చప్పట్లు కొట్టారు. ఎమోసీకి అది శిక్షకన్నా కష్టంగా ఉంది. తిట్టేవాళ్ళు లేరు, కొట్టేవాళ్ళు లేరు, మన్నించేశారు. గిన్నె వచ్చింది, చిప్ప వచ్చింది. తాగాడు. అవే వేళ్ళు, అదే రుచి.

కాసేపయ్యాక వెరెనికి గోడకు ఆనుకున్నాడు. "తప్పు మాట వద్దన్నాను. పిల్ల మాట వద్దనలేదు. ఆ పనసచెట్టు చూశావా, సీమపనస? సూది రోజొచ్చిందంటే దాని మీదే. కోతిపిల్ల! కింద నుంచి తితిలియా, పైనుంచి అది, ఒకళ్ళనొకళ్ళు బెదిరించుకునేవాళ్ళు. నవంబరులో పొద్దున్నే ఎక్కి మధ్యాహ్నం దాకా కూర్చుంది. ఎవరూ రాలేదు. దిగొచ్చి నా మెడకు చుట్టుకుని, 'తాతా, నర్సమ్మ నన్ను మరిచిపోయింది, నాకిక సూది లేదు' అని ఒకటే గంతులు. నేనూ సంతోషించాను. బాగైపోయిందేమోలే, సువా డాక్టర్లు ఆపేశారేమోలే అనుకున్నాను."

ఆయన గొంతులో ఎక్కడా నిష్ఠూరం లేదు. ఎమోసీ బయటికి వెళ్ళి చెట్టు దగ్గర నిలబడి ఏడ్చాడు. పెద్దగానే ఏడ్చాడు. చూసినవాళ్ళు చూడనట్టు వెళ్ళిపోయారు.

మర్నాడు ఆదివారం. చర్చిలో పిల్లలు ముందు వరసల్లో తెల్లబట్టల్లో కూర్చుంటారు, ఎత్తును బట్టి. రెండో వరసలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలేసి ఉంది. పక్కనున్న పిల్లలు ఇరుకుగా కూర్చున్నారే గాని అందులోకి జరగలేదు. పాట మొదలైంది. వెనక బెంచీలో తితిలియా వేళ్ళు ముడుచుకుంటూ ఒక్కొక్క తలా లెక్కపెడుతోంది. ఇరవై రెండు దగ్గర ఆవిడ చెయ్యి ఆగింది. ఎమోసీ అది చూసి తల దించుకున్నాడు.

ప్రార్థన అయ్యాక ఆవిడే పిలిచింది. "రా నాయనా, అన్నం తిని వెళుదువుగాని. ఓడ సాయంత్రానికి గాని కదలదు." ఉడికిన కర్రపెండలం, చేప పెట్టింది. తినేదాకా అమ్మ ఎలా ఉంది, సువాలో వానలెలా ఉన్నాయి అని అడుగుతూ కూర్చుంది. అతను చెయ్యి కడుక్కున్నాక మందుల బీరువా మీద నుంచి నీలం అట్ట నోటుపుస్తకం ఒకటి తీసి ఇచ్చింది. స్కూలు పిల్లలు రాసుకునేది.

"ఎర్ర పుస్తకాలు పట్టుకుపోయారు కదా. మనసొప్పక ఇది పెట్టుకున్నాను. నీకు పనికొస్తుందేమో చూడు."

ఎమోసీ తెరిచాడు. అదే గుండ్రటి చేతిరాత. "ఏప్రిల్ 4. ఓడ పదమూడు రోజులు ఆలస్యం. సూది రోజు దాటినవాళ్ళు ముగ్గురు. పదో రోజు దాకా పట్టికలో ఉన్నారు, పదకొండో రోజు పొద్దున లేరు. పుస్తకం చూసి ముగ్గురికీ సూది వేశాను." తర్వాతి పేజీలో: "ఓడ సమయానికి వచ్చిన నెలల్లో ఒక్క పేరూ పోలేదు. ఆలస్యమైతేనే పోతున్నాయి. పేరు మళ్ళీ దానంతటది రావడం లేదు, నేనే మళ్ళీ ఎక్కిస్తున్నాను." పోయిన పేర్లు, తేదీలు, ఓడ వచ్చిన రోజు, అన్నీ గీతలు గీసి రాసి ఉన్నాయి. ఇన్నేళ్ళ కొలువులో ఎమోసీకి ఇంత స్పష్టంగా తప్పు పట్టి చూపించిన మనిషి ఇంకొకరు లేరు. ఈ రెండు పేజీలు చేతిలో ఉంటే మొదటి రోజే, ఆ పావుగంటలోనే...

"ఇది నాకెందుకు పంపలేదు నర్సమ్మా?" అన్నాడు.

ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయింది. "పంపకపోవడమేంటి నాయనా? నాలుగు కట్టలు పంపాను కదా! ఇదంతా కాగితం మీద పెడితే నీ పరువేం కాను? పదిమంది తిరిగే ఆఫీసు, ఎవరైనా చదివి నవ్వితే? నువ్వు కట్ట విప్పి, 'ఏం సంగతి నర్సమ్మా' అని ఒక్క ఫోను చేస్తే మొత్తం చదివేదాన్ని. నీకూ నాకూ మధ్యే ఉండేది. కట్ట పంపిన ప్రతిసారీ వారం రోజులు ఆ కొండెక్కి కూర్చున్నాను, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని."

ఎమోసీ చూపు పుస్తకంలోకే దించాడు. పేజీలు తిప్పాడు. అక్టోబరు, మార్చి, జూలై. ఇరవై ముగ్గురి పేర్లూ, పక్కన సూది వేసిన గుర్తులూ. ఒక్కటీ తప్పలేదు. సులువేతి పేరు పక్కన ప్రతి నెలా చిన్నగా చెట్టు బొమ్మ వేసి ఉంది. చివరి రాత జూలై 19 నాటిది.

"కొండ మీద కబురు అందింది. సమస్య పరిష్కారమైందట. ఎమోసీ గారికి వందనాలు, దేవుడు చల్లగా చూడాలి. ఇక ఈ పుస్తకంతో పని లేదు, పట్టికనే నమ్ముకోవచ్చు."

ఆ తర్వాత పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి. ఎమోసీ వాటిని కూడా ఒక్కొక్కటిగా తిప్పాడు, వెనక అట్ట వచ్చేదాకా.